బ్యాటరీ ఎవరి కోసం, ఖర్చు ఎవరి ఖాతాలో?

(మహేశ్వరంలో జరిగిన రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున పనులు వదులుకొని వచ్చారు. కొంతమంది పూలు తెంపి మార్కెట్‌కు పంపి, మొహం కడుక్కోకుండానే వచ్చారు. అందుకే సుత్తి లేకుండా మాట్లాడుకుందాం.

ఇక్కడికి వచ్చేటప్పుడు ఒకసారి తల ఎత్తి చూసే ఉంటారు. చెలకల మీద, ప్లాట్ల మీద, చెరువు కట్టల పక్కన అన్నీ టవర్లే. మహారాష్ట్రలోని వార్ధా నుంచి నిజామాబాద్ మీదుగా వచ్చిన 765 కెవి లైను మన మహేశ్వరం సబ్‌స్టేషన్‌లోనే దిగింది. హైదరాబాద్‌కు కావలసిన కరెంటులో పెద్ద భాగం మన మండలం తలమీది నుంచే పోతుంది. ఆ తీగల కింద నిలబడి మనం ఎన్నో ఏండ్లు స్టార్టర్ డబ్బా ముందర కరెంటు కోసం ఎదురుచూశాం.

ఇప్పుడు ఆ తీగల్లో పారే కరెంటు మారుతోంది. బొగ్గు కరెంటు తగ్గాలి, ఎండ కరెంటు, గాలి కరెంటు పెరగాలి, వాటిని దాచుకునే బ్యాటరీలు రావాలి అంటున్నారు. మనం దీనికి అడ్డం కాదు. ఎండలు ఎట్లా ముదురుతున్నాయో, వాన ఎట్లా గతి తప్పుతోందో మనకన్నా ఎవరికి ఎక్కువ తెలుసు? పెసర కోతకు వచ్చినప్పుడు పడే వాన ఎవరి పాపమో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. కానీ కొత్త కరెంటు వచ్చినప్పుడు భూమి ఎవరిది పోతుంది, డబ్బు ఎవరికి వస్తుంది, ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తారు అన్నది మనం ముందే అడగాలి. ఇచ్చిన తర్వాత అడిగితే ఏమవుతుందో శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు భూములు ఇచ్చిన ఊర్ల వాళ్లను అడగండి. 2008లో విమానాలు దిగడం మొదలైంది. ఎయిర్‌పోర్టువాళ్లు తమ అవసరానికి పది మెగావాట్ల సోలార్ కూడా పెట్టుకున్నారు. మంచిదే. భూమి ఇచ్చినవాళ్ల పిల్లలు కొందరు ఇప్పుడు అదే ఎయిర్‌పోర్టు ముందర క్యాబులు నడుపుతున్నారు.

కొంచెం వెనక్కి పోదాం. మనలో నలభై దాటినవాళ్లందరికీ రాత్రి కరెంటు గుర్తుంది. రాత్రి పదకొండుకు ఒక విడత, తెల్లవారుజామున మూడుకు ఒక విడత. చేతిలో టార్చిలైటు, కాళ్లకు తెగిన చెప్పులు. మడి గట్టు మీద పాము ఉందా, తడి స్తంభానికి కరెంటు పాకిందా, ఏదీ కనిపించదు. తెల్లారేసరికి మోటర్ దగ్గర పడి ఉన్న మనిషిని మంచం మీద ఇంటికి మోసుకొచ్చిన రోజులు మన ప్రతి ఊర్లోనూ ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటే మోటర్‌కు ఇంత అని చందాలు వేసుకొని, ట్రాక్టర్ మీద ఎక్కించుకొని రిపేరు షెడ్డుకు పోయి, అక్కడ రెండు రోజులు పడుకొని తెచ్చుకున్నాం. వరి ఎండిపోయింది. ఎవరిని అడిగినా పైనుంచి లోడు లేదు అన్నారు.

2000 సంవత్సరంలో చార్జీలు పెంచితే రాష్ట్రమంతా కదిలింది. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. రామకృష్ణ, విష్ణువర్ధన్‌రెడ్డి, బాలస్వామి ప్రాణాలు పోయాయి. 2004లో వచ్చిన ఉచిత కరెంటు వెనక ఆ రక్తం ఉంది. అది ఏ ముఖ్యమంత్రీ తన జేబులోంచి ఇచ్చింది కాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలు అన్నారు. ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, రేపు ఎండ కరెంటు పేరు మీద ఆ హక్కును మెల్లగా జరిపేసే పని మొదలుకావచ్చు. అప్పుడు మనం ఏం మాట్లాడాలో ఇప్పుడే తెలిసి ఉండాలి.

ఏం మారుతోందో చూడండి. 2024 ఆగస్టు 5న పాల్వంచలో పాత కేటీపీఎస్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని ఒక్కరోజే కూల్చేశారు. ఐదు దశాబ్దాలు మన మోటర్లు తిప్పిన స్టేషన్ అది. అలాగని బొగ్గు రేపే పోతుందని కాదు. దామరచర్లలో నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి స్టేషన్ కట్టారు. సింగరేణి అన్నలకు పని ఉంది, ఇంకా చాలా ఏండ్లు ఉంటుంది. వాళ్ల పిల్లలకు ఏం పని ఇస్తారన్నది కూడా మన సంఘం అడగాల్సిన ప్రశ్నే. బొగ్గు బాయి మూతపడిన ఊరూ, బోరు ఎండిన ఊరూ ఒక్క తీరుగానే ఉంటాయి. అయినా కొత్తగా వచ్చేదంతా ఎక్కువగా సోలారే. 2030 కల్లా ఇరవై వేల మెగావాట్ల పచ్చ కరెంటు అదనంగా తెస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2025లో విధానం ప్రకటించింది. ఆ పలకలు తయారుచేసే ఫ్యాక్టరీ కూడా మన రావిర్యాల ఈ-సిటీలోనే ఉంది.

సోలార్‌తో ఒక చిక్కు ఉంది. మధ్యాహ్నం దండిగా వస్తుంది, పొద్దుగూకితే సున్నా. పట్నంలో మాత్రం పొద్దుగూకిన తర్వాతనే ఏసీలు, టీవీలు, లిఫ్టులు, కార్ల చార్జింగులు మొదలవుతాయి. అందుకని మధ్యాహ్నం కరెంటును దాచి సాయంత్రం ఇవ్వాలి. అది దాచేదే బ్యాటరీ కేంద్రం. మన మహేశ్వరం, చౌటుప్పల్ 400 కెవి సబ్‌స్టేషన్ల దగ్గర అలాంటి కేంద్రాలు పెట్టడానికి జెన్‌కో టెండర్లు పిలిచింది. రెండూ కలిపి 750 మెగావాట్లు, 1,500 మెగావాట్-గంటలు.

ఈ రెండు లెక్కలు వింటే తల తిరుగుతుంది. మనకు తెలిసిన భాషలో చెప్పుకుందాం. మెగావాట్ అంటే పైపు ఎంత లావు అని. మెగావాట్-గంట అంటే ట్యాంకులో నీళ్లు ఎన్ని అని. ఆ పైపు పూర్తిగా తిప్పితే ట్యాంకు రెండు గంటల్లో ఖాళీ అవుతుంది. 1,500 మెగావాట్-గంటలు అంటే పదిహేను లక్షల యూనిట్లు. మన ఐదు హెచ్‌పీ మోటర్ గంటకు నాలుగు యూనిట్లు తాగుతుందనుకుంటే, రోజుకు ఏడు గంటల లెక్కన యాభై వేలకు పైగా మోటర్లు ఒక రోజు నడిచే కరెంటు అది.

కరెంటు దాచడం మనకు కొత్త కూడా కాదు. నాగార్జునసాగర్‌లో ఏడు మిషన్లు, శ్రీశైలం ఎడమగట్టులో ఆరు మిషన్లు కిందికి పారిన నీళ్లను మళ్లీ పైకి తోడగలిగినవే. మిగులు కరెంటు ఉన్నప్పుడు తోడి, కొరత ఉన్నప్పుడు వదలాలని కట్టారు. సాగర్ మిషన్లు నలభై ఏండ్ల కిందటివి. అప్పట్లో దాన్ని బ్యాటరీ అనలేదు, అంతే.

ఇక అసలు ముచ్చట. ఈ బ్యాటరీ మన మోటర్‌కు కావాలా?

వద్దు. మన వరికి, టమాటకు, పూల తోటకు నీళ్లు పగలు కావాలి. సూర్యుడు ఉన్న వేళే మనకు కరెంటు కావలసిన వేళ. తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా నికరంగా త్రీ ఫేజు, ఓల్టేజీ పడకుండా వస్తే మన రైతుల్లో చాలామంది రాత్రి పోయి స్టార్టర్ ముట్టరు. మనకు నిల్వ కావాలంటే అది మడిలోని నీళ్లే, బావిలోని నీళ్లే. తీగలో వచ్చిన కరెంటును అప్పటికప్పుడు నీళ్లుగా మార్చి భూమిలో దాచుకునే వాడకందారు ఈ రాష్ట్రంలో రైతు ఒక్కడే. 2025 మార్చి 20న రాష్ట్రంలో కరెంటు డిమాండ్ 17,162 మెగావాట్లకు పోయింది. అది యాసంగి వరి నీళ్ల మీద ఉండే నెల, ఎండ బాగా కాసే నెల కూడా. మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగిలిపోతే ఎక్కడ పెట్టాలో తెలియక తల పట్టుకునే ఇంజనీర్లకు మన లక్షల మోటర్లు వరం కావాలి, భారం కాకూడదు.

మరి భారం అని ఎందుకంటారు? దీని లెక్క కొంచెం ఓపికగా వినండి, ఎందుకంటే పేపర్లలో ఇది రాయరు. ప్రతి సంవత్సరం డిస్కములు ఈఆర్‌సీ ముందర తమ ఖర్చు పెడతాయి. యూనిట్ సరఫరా చేయడానికి సగటున ఇంత అయింది, వ్యవసాయం ఇన్ని యూనిట్లు వాడిందని మా అంచనా, రెండూ గుణిస్తే ఇంత, ఇది ప్రభుత్వం సబ్సిడీగా ఇవ్వాలి అంటాయి. ఆ సగటు ఖర్చులో బొగ్గు స్టేషన్ అప్పుల వడ్డీ ఉంటుంది, సాయంత్రం పీక్ గంటలో ఎక్కువ ధరకు కొన్న కరెంటు ఉంటుంది. రేపటి నుంచి బ్యాటరీ కిరాయి కూడా చేరుతుంది. అంటే పట్నం సాయంత్రం వాడుకునే బ్యాటరీ ఖర్చు మన పేరు మీద రాసిన సబ్సిడీలో కూడా ఎక్కుతుంది. కాగితం మీద రైతు సబ్సిడీ పెరుగుతుంది. ఆ తర్వాత టీవీలో ఒకాయన కూర్చొని రైతులు ఖజానా ఖాళీ చేస్తున్నారంటాడు.

ఎండ గంటల్లో కరెంటు చౌక అని కేంద్రమే ఒప్పుకుంది. 2023లో తెచ్చిన నిబంధనల్లో, పగటి సోలార్ గంటల్లో రేటు మామూలు కన్నా కనీసం ఇరవై శాతం తక్కువ ఉండాలని, పీక్ గంటల్లో పది నుంచి ఇరవై శాతం ఎక్కువ ఉండాలని పెట్టారు. వ్యవసాయాన్ని దాని నుంచి మినహాయించారు. మనకు బిల్లు లేదు కాబట్టి మినహాయింపు సరే. కానీ సబ్సిడీ లెక్క కట్టేటప్పుడు పగటి చౌక ధర మనకు ఎందుకు వర్తించదు? వ్యవసాయ కరెంటును పగటి సోలార్ ధర మీద లెక్క కట్టండి, బ్యాటరీ ఖర్చును సాయంత్రం వాడేవాళ్ల ఖాతాలో రాయండి. ఈ సదస్సులో మనం అడగాల్సిన మొదటి మాట ఇదే. బ్యాటరీలకు కేంద్రం మెగావాట్-గంటకు పద్దెనిమిది లక్షల దాకా నిధి ఇస్తోంది. అది ప్రజల డబ్బు. అందులో మన పన్ను కూడా ఉంది. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నాం కదా.

ఇక్కడ మన సంఘంలోనే ఒక వాదన వచ్చింది. దాచిపెట్టడం ఎందుకు, చెబుతాం. పోయిన నెల మీటింగులో ఒక పెద్దాయన లేచి, "పగలు సాలు అని మనమే అంటె రేపు గదే పట్టుకుంటరు బిడ్డా. ఇరువై నాలుగు గంటలు పాయె, తొమ్మిది గంటలు అంటరు, ఎనక ఏడు అంటరు. నోటి దాంక వచ్చిన బుక్క మనమే తీసి పెట్టుకున్నట్టు కాదా?" అన్నాడు. ఆయన భయం ఉత్తది కాదు. తక్కువ గంటలు చూసిన మనిషి ఆయన. దానికి మా సమాధానం ఇది: హక్కు వదులుకోవాలని మేం అనడం లేదు. పగటి నికర కరెంటు రాతపూర్వకంగా, ఈఆర్‌సీ ఆర్డర్‌లో, ఇన్ని గంటలు ఇంత ఓల్టేజీ అని రావాలి. ఇవ్వకపోతే పరిహారం ఎంతో కూడా రాయాలి. అది రాకముందు ఒక్క గంట కూడా తగ్గించడానికి ఒప్పుకోం. మోటర్లకు మీటర్ల విషయంలో మన మాట మారలేదు. లెక్క కావాలంటే ఫీడర్‌కు పెట్టుకోండి, ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టుకోండి. 2020, 21లో ఢిల్లీ సరిహద్దులో ఏడాది కూర్చున్న రైతుల కోరికల్లో కరెంటు బిల్లు వాపసు కూడా ఒకటి. 2025 అక్టోబరులో ఆ చట్టానికి మళ్లీ సవరణ ముసాయిదా తెచ్చారు. పెద్ద పరిశ్రమలు, రైల్వేల మీదున్న క్రాస్ సబ్సిడీని ఐదేండ్లలో తీసేయాలని అందులో ఉంది. అది పోతే మన ఉచితానికి ఆసరా ఏది?

ఇంకొక మాట, ఇది మనకు మనం చెప్పుకోవాల్సింది. కరెంటు ఉంది కదా అని నీళ్లు ఉన్నట్టు కాదు. ఇరవై నాలుగు గంటలు వచ్చిన కొత్తలో ఆటో స్టార్టర్లు పెట్టి తెల్లార్లూ మోటర్లు నడిపాం, బోర్లు దగ్గడం మొదలుపెట్టాయి. మన మహేశ్వరం మీద ఈ విషయంలో దేశంలోనే పేరున్న పరిశోధన జరిగింది. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి 1999లో ఒక కేంద్రం పెట్టి, మన మహేశ్వరం వాగు పరీవాహకం యాభై మూడు చదరపు కిలోమీటర్లను ఏండ్ల తరబడి కొలిచారు. ఆ చిన్న జాగాలోనే ఏడు వందలకు పైగా బోర్లు నడుస్తున్నాయని, కురిసే వాన ఇంకే దానికన్నా తోడేది ఎక్కువని తేల్చారు. మన రాతి నేలలో నీళ్లు ఉండేది పైన మురిగిన రాయిలో, దాని కింద పగుళ్లు ఉన్న పొరలో. ఇంకా లోతుకు పోతే పగుళ్లు తగ్గిపోతాయి. వెయ్యి ఫీట్లు వేసినా దుమ్మే రావడానికి కారణం అదే, బోరు లారీవాడి చెయ్యి మంచిది కాకపోవడం కాదు. ఎవరి చేనులో వాళ్లకు సోలార్ పంపు పెట్టి, ఎండ ఉన్నంతసేపు ఆపకుండా తోడుకొమ్మంటే ఉన్న నీళ్లు కూడా పోతాయి.

దీనికి గుజరాత్ రైతులు ఒక దారి చూపించారు. ఖేడా జిల్లాలో ధుండి అనే ఊరు. 2016లో అక్కడ ఆరుగురు రైతులు సోలార్ పంపులు పెట్టుకొని, సహకార సంఘంగా ఏర్పడి, నీళ్లు తోడగా మిగిలిన కరెంటును డిస్కమ్‌కు అమ్మడం మొదలుపెట్టారు. మోటర్ ఆపితే పైసలు వస్తాయి. అప్పుడు రైతు తానే ఈ రోజు తడి అవసరమా అని చూసుకుంటాడు. ఎండ కూడా ఒక పంటే అయింది వాళ్లకు. పాల సంఘాలు పెట్టిన ప్రాంతం కాబట్టి వాళ్లకు సంఘం పెట్టడం అలవాటు. మనకు సొసైటీ అంటే యూరియా లైను మాత్రమే గుర్తుకొస్తుంది.

మన దగ్గర కుసుమ్ పథకం కింద రైతు తన భూమిలో అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకోవచ్చు, యూనిట్‌కు రూ.3.13 ఇస్తామన్నారు. వినడానికి బాగుంది. లెక్క వేద్దాం. ఒక మెగావాట్‌కు నాలుగు ఎకరాలు కావాలి. ఏడాదికి పదిహేను, పదహారు లక్షల యూనిట్లు వస్తాయి. అంటే నలభై ఏడు నుంచి యాభై లక్షలు. ఎకరానికి పన్నెండు లక్షల రాబడి! ఏ పంటకు వస్తుంది? కానీ ప్లాంటు పెట్టడానికి మూడున్నర, నాలుగు కోట్లు కావాలి. బ్యాంకు అప్పు ఇచ్చినా ముందు కోటి రూపాయలు మనం చూపించాలి. ఈ హాల్లో కోటి ఉన్నవాళ్లు చెయ్యి ఎత్తండి. (నవ్వులు)

అందుకే జరిగేది ఏమిటంటే, పట్టా రైతుది, పెట్టుబడి ఇంకొకరిది. రైతుకు కౌలు మిగులుతుంది. మన అనంతపురానికి ఆనుకొని, తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉన్న కర్ణాటకలోని పావగడలో పదమూడు వేల ఎకరాలను కొనకుండా, రైతుల దగ్గర ఇరవై ఎనిమిదేండ్లకు కౌలుకు తీసుకొని రెండు వేల మెగావాట్ల పార్కు కట్టారు. ఎకరానికి ఏడాదికి ఇరవై ఒక్క వేలు, రెండేండ్లకొకసారి ఐదు శాతం పెంపు. భూమి అమ్ముకోలేదు కాబట్టి అది కొంత నయం. కానీ ఆ పొలాల్లో కూలికి పోయేవాళ్లకు, గొర్లు మేపుకునేవాళ్లకు కౌలు లేదు. భూమి లేనివాళ్లకు పనీ పోయింది, మేతా పోయింది. మహారాష్ట్రలో వ్యవసాయ ఫీడర్ల కోసం సబ్‌స్టేషన్ల పక్కన పెట్టే ప్లాంట్లకు హెక్టారుకు లక్షా పాతిక వేల కౌలు, ఏటా మూడు శాతం పెంపు పెట్టారు. ఎకరానికి యాభై వేలు. పక్క రాష్ట్రంలో యాభై వేలు ఇచ్చినప్పుడు మన దగ్గర అంతకు తక్కువకు ఎవరూ సంతకం పెట్టవద్దు.

మహేశ్వరంలో ఎవరూ సోలార్ పెట్టరు, అది మనకు తెలుసు. ఎకరం కోట్లు పలికే చోట పలకలు ఎవరు పరుస్తారు? ఆ కంపెనీల వాళ్లు ఆమనగల్లు, కల్వకుర్తి దిక్కు పోతారు. మన చుట్టాలు అక్కడ ఉన్నారు. ఈ మాట వాళ్లకు చేరవేయాలి. 33/11 సబ్‌స్టేషన్ పరిధిలోని రైతులు కలిసి సంఘంగా ప్లాంటు పెట్టుకుంటే ముందు పెట్టే కోటికి ప్రభుత్వమే పూచీ పడాలన్నది మన డిమాండ్. కంపెనీలకు బ్యాటరీ నిధి ఇచ్చినప్పుడు రైతుల సంఘానికి పూచీ ఇవ్వడం పెద్ద పని కాదు.

మహేశ్వరానికి వచ్చేవి లైన్లు. ఇటు ఫ్యూచర్ సిటీ అంటున్నారు, దానికి కరెంటు కావాలి. బ్యాటరీ కేంద్రాలకు లైన్లు కావాలి. 765 కెవి లైను కింద కారిడార్ అరవై మీటర్ల పైమాటే. అంటే మీ చేనులో వంద మీటర్లు లైను పోతే ఎకరన్నర పైగా దాని కింద పడుతుంది. అందులో ఇల్లు కట్టరాదు, చెట్టు పెంచరాదు, అమ్ముదామంటే కొనేవాడు రాడు. పాత రోజుల్లో ఏం చేశారు? మేం చూసినదే చెబుతాం. కంకర, ఇనుము దింపినవాళ్లు జొన్న చేనులోకి లారీ తోలి, ఎంతో కొంత పంట నష్టం చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకొని పోయారు. ఏ కాగితమో ఈ రోజుకూ మాకు తెలియదు.

ఇప్పుడు నిబంధన మారింది. కేంద్రం 2024 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం టవర్ కాళ్ల మధ్య జాగాకు, చుట్టూ ఇంకొక మీటరు కలిపి, భూమి విలువకు రెండింతలు ఇవ్వాలి. తీగల కింద కారిడార్‌కు ముప్పై శాతం. 2025 మార్చిలో దాన్ని సవరించి పట్టణ ప్రాంతాలకు నలభై ఐదు, మహానగర ప్రాంతాలకు అరవై శాతం చేశారు. 66 కెవి, ఆపై లైన్లకే ఇది. మన 33, 11 కెవి స్తంభాలకు రాదు. భూమి విలువ అంటే రిజిస్ట్రేషన్ పుస్తకం విలువ అని మొదట చెబుతారు. మార్కెట్ విలువ ఎక్కువ ఉంటే అది కట్టవచ్చని కూడా అందులో ఉంది. ఇవి మార్గదర్శకాలే. రాష్ట్రం జీవో ఇచ్చి అమలు చేయాలి. మనది పల్లె అని ముప్పై శాతం దగ్గర ఆపుతారా, పట్నం అని అరవై ఇస్తారా? ప్లాట్లు అమ్మేటప్పుడు మనది గ్రేటర్ హైదరాబాద్ అంటారు, పరిహారం ఇచ్చేటప్పుడు మారుమూల పల్లె అంటారు. ఈ ఒక్క దాని మీద గట్టిగా నిలబడాలి.

బ్యాటరీ కేంద్రాల భద్రత గురించి ఒక్క మాట. 2025 జనవరిలో అమెరికాలో కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్‌లో పెద్ద బ్యాటరీ కేంద్రం తగలబడి వెయ్యి మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. అది వేరే రకం బ్యాటరీ, భవనంలో కుక్కి పెట్టినది. ఇప్పుడు ఎక్కువగా పెడుతున్నవి అంత తొందరగా అంటుకునే రకం కాదంటారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏ రకం, ఇండ్లకు ఎంత దూరం, మంటలు ఆర్పే నీళ్లు ఏ బోరులోంచి తోడతారు, ఆ నీళ్లు ఎటు పారతాయి అన్నది గ్రామసభలో తెలుగులో చెప్పాలి. అడగడం మన హక్కు.

చివరగా పని. ఏ ఊర్లో టవర్లు ఉన్నాయో, ఏ ఊర్లో కొత్తగా సర్వేవాళ్లు ఎర్ర జెండాలు పాతారో, ఆ సర్వే నంబర్లు, టవర్ మీద రాసిన నంబరు, పాసుబుక్కు జిరాక్సు, ఉంటే ఫోన్‌లో ఫోటో తీసుకొని మండల కమిటీకి ఇవ్వండి. కౌలు రైతు పేరు కూడా రాయండి, పంట నష్టం ఆయనది. అన్నీ కలిపి ఒకే దరఖాస్తుగా సోమవారం ప్రజావాణికి కొంగరకలాన్ కలెక్టరేట్‌కు పోదాం. ఒక్కొక్కరు పోతే రసీదు ఇచ్చి పంపుతారు, రెండు ట్రాక్టర్లు పోతే కూర్చోబెట్టి మాట్లాడతారు. ఈఆర్‌సీకి పంపాల్సిన అభ్యంతర పత్రం నమూనా ఈ సంచికలోనే ఉంచుతున్నాం. పగటి ధర లెక్క గురించిన పేరా అందులో మూడోది. దాన్ని మాత్రం కొట్టేయకుండా సంతకం పెట్టండి. బహిరంగ విచారణ రోజు మైకు ఇస్తారు. మన ఊరి నుంచి ఇద్దరు ఆడవాళ్లు కూడా మాట్లాడాలి. రాత్రి కరెంటు ఉన్న రోజుల్లో మొగుడు ఇంటికి తిరిగి వస్తాడో లేదో అని గడపలో కూర్చున్నది వాళ్లే. పేర్లు ఇప్పుడే రాయించండి, రిజిస్టర్ వెనక బల్ల మీద ఉంది.